గ్రాస్మియర్ల గురువారం

1 జూన్ 2025, ఆదివారం

ఇయ్యాల అక్షు ఫోన్ల తనంతట తనే మాట్లాడింది. ప్రతి ఆదివారం నేను అడుగుడు, అది "యా", "గుడ్", "నాట్ మచ్" అనుడు. ఆ మూడు మాటల కోసం వారమంత ఎదురుచూస్త. ఇయ్యాల నేను హలో అనకముందే, "డాడ్, ఇక్కడ కూడ ఒక గ్రాస్మియర్ ఉంది, తెలుసా?" అన్నది.

ఇక్కడ అంటే ఇంగ్లండ్. మూడేండ్ల కింద శ్రీవల్లి దాన్ని తీస్కొని ప్రెస్టన్ పోయింది, నర్సు ఉద్యోగం వచ్చిందని. ఉద్యోగం ముందా, గౌతమ్ ముందా అన్నది నాకు ఇప్పటికీ తెల్వది. ఏది ముందైతేంది, ఇప్పుడు ఆమెకు ఆయన మొగడు, నేను ఆదివారం ఫోన్.

న్యూజిలాండ్ దక్షిణపు కొసకున్న ఇన్వర్‌కార్గిల్ల మా ఇల్లున్న పేటను గ్రాస్మియర్ అంటరు. అక్షును దవాఖాన నుంచి బట్టల మూటలెక్క తెచ్చింది ఈ ఇంటికే. ఇక్కడ చెరువు లేదు, గుట్ట లేదు. పొద్దంత ట్రక్కులు పోతయి, దక్షిణపు గాలి చెవులు కోస్తది. అక్కడి గ్రాస్మియర్ల చెరువు ఉన్నదట, చుట్టూ గుట్టలట, రాతి ఇండ్లట. స్కూలోళ్ళు తీస్కపోయిండ్రట. "నువ్వొస్తే మనిద్దరం పోదాం డాడ్. రో బోట్స్ ఉంటయ్. నువ్వే రో చెయ్యాలె," అన్నది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్.

వెనుక నుంచి శ్రీవల్లి గొంతు. "ఒక్క రోజు పంపిస్త. డేట్ నేను చెప్త."

ఒక్క రోజు! నా బిడ్డను నాకు కిరాయికి ఇచ్చినట్టు మాట్లాడుతది. అయినా ఏమనలే. నేను ఏమనలే అని ఇక్కడ రాసి పెడుతున్న, రేపు ఎవరన్న అడిగితే.

3 జూన్

ఇంటికొచ్చి కూసున్న కాడి నుంచి అదే పని. ప్రెస్టన్ల రైలెక్కాలె, నడుమ ఒక కాడ మారాలె, విండర్‌మియర్ల దిగాలె. అక్కడ పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సు ఉంటది. పైనే కూసోవాలె, ముందు సీట్ల. వాన వస్తే? వస్తే తడుస్తం. ఇన్వర్‌కార్గిల్ల పుట్టిన పిల్లకు వాన ఒక లెక్కనా.

చర్చి పక్కన బుడ్డ దుకాణం ఉన్నది, అల్లం బిస్కట్లు అమ్ముతరు, జనం లైన్ కట్టి కొంటరు. ఎవరో కవి సమాధి కూడ ఉన్నదట. అది అవసరం లేదు, సమాధులు చూపిచ్చెటందుకు ఇంత దూరం పోతనా. పడవలు ఇచ్చే కాడ చాయ్ హోటల్ ఉన్నది. పడవ ఫోటోలు చూస్తే కడుపు నిండింది.

7 జూన్

శ్రీవల్లి మెసేజ్. "జులై 24, గురువారం. స్కూల్ సెలవులు మొదలైతయి. పొద్దున వచ్చి తీస్కపో, సాయంత్రం తెచ్చి దించు. పాత ముచ్చట్లు తియ్యకు. గౌతమ్ గురించి అడగకు. దాని ముందట ఎవరి మీదా అరవకు."

నేను ఎప్పుడు అరిచిన? మా ఇంట్ల అందరి గొంతులు పెద్దయి. మా నాయిన కరీంనగర్ బస్టాండ్ల కంట్రోలర్, మైకు లేకున్నా వరంగల్ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తదో ఊరంతటికి తెలిసేది. గొంతు పెద్దగుండుడు అరుసుడా?

"సరే" అని పెట్టిన. ఒక్క మాట. చూసినవా, ఎంత ఓపికనో.

9 జూన్

లీవు దొరికింది. మా గ్యారేజీ ఓనర్ క్రెయిగ్ ముందు మూతి ముడిచిండు, బండ్లకు వారంట్ ఇచ్చే లైసెన్సు ఇద్దరికే ఉన్నది కదా. నేను బ్రేకు, టైరు, తుప్పు చూసి పాస్ అనో ఫెయిల్ అనో రాస్తెనే బండి రోడ్డెక్కుతది. బిడ్డను చూడవోతున్న అన్నంక మెత్తవడ్డడు. "గో, మేట్," అన్నడు. టికెట్ తీసుకున్న. గురువారం ముందటి రోజు మాంచెస్టర్ల దిగుతున్న, అటెన్క ఇంకో వారం అక్కడే ఉంట. గురువారం బాగ గడిస్తే శ్రీవల్లి ఇంకో రోజు ఇయ్యకపోతదా?

14 జూన్

పడవ నేర్చుకుంటున్న. క్రెయిగ్ వాళ్ళ నాయిన దగ్గర చిన్న పడవ ఉన్నది, వైహోపై నది కాడికి తెచ్చిండు. ముసలాయనకు డెబ్బై దాటినయ్, షార్ట్స్ మీద ఉన్నడు, నేను రెండు స్వెటర్ల మీద జాకెట్ ఏసుకున్న. తెడ్లు పట్టుకొని కొట్టిన కొద్దీ పడవ ఉన్న కాడనే గిర్రున తిరుగుతది. ఒక చెయ్యి బలం ఎక్కువట నాది. ముసలాయన ఒడ్డు మీద నిలవడి కడుపు పట్టుకొని నవ్విండు. నాకు మస్తు కోపం వచ్చింది గని ఆపుకున్న. ఇంకోటి, పడవల కూసున్నోడు వీపు అటు పెట్టి నడపాలె. పోయే దిక్కు కనవడది, ఎదురుంగ కూసున్న మనిషి మొకమే కనవడుతది.

అక్షు మొకమే కనవడుతది.

15 జూన్

చేతులకు బొబ్బలు. ఫోన్ల చెప్తే అక్షు నవ్వింది.

20 జూన్, మాతారికి సెలవు, మావోరీల కొత్త సంవత్సరం

నాగమణక్క ఇంట్ల వంట ట్రయల్. అక్క, విజయకుమారన్న మా చదువుకునే రోజుల నుంచి ఇక్కడనే ఉన్నరు, ఇప్పుడు డైరీ నడుపుతరు, ఇక్కడ గల్లీ కిరాణా కొట్టును గట్లనే అంటరు. పాలు, బ్రెడ్డు, లాటరీ టికెట్లతో పాటు కారప్పొడి, కందిపప్పు కూడ దొరుకుతయ్ ఆ దుకాణంల. శ్రీవల్లికి అక్క అంటే ప్రాణం. వాళ్ళిద్దరు ఇప్పటికీ మాట్లాడుకుంటరు. ఏం మాట్లాడుకుంటరో నాకు చెప్పరు, నేను అడగను.

సర్వపిండి చేసిన. మొదటిది మాడింది, రెండోది పచ్చిగ ఉన్నది, మూడోది కుదిరింది. గిన్నె అడుగుకు అద్దిన పిండి కరకరలాడితేనే అక్షుకు ఇష్టం. ఆ చెరువు ఒడ్డున తెల్లోళ్ళంత సాండ్‌విచ్‌లు తింటుంటే మేమిద్దరం సర్వపిండి తుంచుకొని తింటం. శ్రీవల్లికి చెయ్యరాదు ఇది. ఆమెది కుక్కర్ వంట.

"శశీ, ఆ ఒక్క రోజు మంచిగ గడుపు. ఎవలతోని ఏం పెట్టుకోకు," అన్నది అక్క. రెండు మాట్ల అన్నది. ఎందుకు అందరు నాకే చెప్తరు?

22 జూన్

పొద్దున అమ్మ ఫోన్. సంతోషంగ డేట్ చెప్పిన. అమ్మ క్యాలెండర్ తిప్పిన చప్పుడు ఫోన్ల వినవడ్డది. "అయ్యో బిడ్డా, ఆ రోజు అమావాస్య కదరా!"

ఆషాఢ అమావాస్య. "నీళ్ళ మీదికి పోతవా, అమావాస్య నాడు, ఆడపిల్లను తీస్కొని? పడవెక్కుతవా? ఆమెకు బుద్ధి లేదు సరే, నీకేమైంది? రెండొద్దులు ఆగితే శ్రావణం వస్తది, శనివారం ఎంత మంచిగున్నదో చూడు."

"అమ్మా, అది ఇంగ్లండ్. అక్కడ అమావాస్య ఎవలు చూస్తరు?"

"చంద్రుడు ఒక్కడే కదరా అందరికీ."



23 జూన్

నాకు ఈ పట్టింపులు లేవు. ఇంజినీరింగ్ చదివినోన్ని. గ్యారేజీల తమిళాయన సెల్వం ఉన్నడు, అడిగితే, "మాకు అమావాస్య మస్తు మంచి రోజు, బండి కొన్నా ఆ రోజే కొంటం," అన్నడు. చూడు మరి.

గని అమ్మ నిద్రపోలేదట. పక్కింటాయనతోని పంచాంగం కూడ చూపిచ్చిందట. పెద్దామె మనసు కష్టపెట్టుడెందుకు? రెండు రోజులే కదా. గురువారం బదులు శనివారం. అంతే.

ఒక్కటి నిజం రాస్త. గురువారం ఆమె ఇచ్చింది. శనివారం నేను అడిగింది అయితది.

25 జూన్

మెసేజ్ పెట్టిన. "24 అమావాస్య. 26 శనివారం పెట్టు." జవాబు చటుక్కున వచ్చింది. "26 కుదరది. 24 ఒక్కటే."

"ఎందుకు కుదరది?"

"ఇంట్ల ప్రోగ్రాం ఉన్నది."

"తండ్రి కంటే పెద్ద ప్రోగ్రాం ఏంది?"

చూసింది. రెండు నీలం గీతలు వచ్చినయ్.

27 జూన్

నేనే ఫోన్ చేసిన. మర్యాదగనే మొదలువెట్టిన. "నువ్వు కూడ తెలుగింటి పిల్లవే కదా, అమావాస్య నాడు దూరం పంపుతవా?" అని అడిగిన. ఆమె, "నువ్వు ఎన్నడన్న పంచాంగం చూసినవా శశీ? మన పెండ్లి ముహూర్తానికే గంట లేటుగ వచ్చినవ్," అన్నది. పాత ముచ్చట్లు తియ్యొద్దన్నది తనే, తీసింది తనే!

అప్పుడు ఆయన లైన్ల కొచ్చిండు. గౌతమ్. "శశిధర్ గారూ, దయచేసి గురువారమే రండి. అక్షయ చాల ఆశ పెట్టుకుంది. కావాలంటే నేను స్టేషన్ దాకా దింపుతాను." గారూ, దయచేసి! హైదరాబాద్ల కాన్వెంట్ల చదివినట్టున్నడు, మాటకు ఇస్త్రీ చేసి మాట్లాడుతడు. నా బిడ్డ ఆశ నాకు ఆయన చెప్పాల్నా? అక్షయ అట. దాన్ని అక్షు అని పిలిచేది నేనొక్కన్నే. పోనీలే, అది మంచిదే.

నేను అరవలే. గట్టిగ చెప్పిన. పక్కింటి పోరగాడు తలుపు తట్టి "యూ ఆల్రైట్?" అన్నడు. తెల్లోళ్ళకు మనం మాట్లాడితేనే కొట్లాట లెక్క వినవడుతది.

30 జూన్

బాగ ఆలోచించిన. మెత్తగుంటే నెత్తికెక్కుతరు. ఈసారి గట్టిగ నిలవడాలె. మెసేజ్ పెట్టిన. "శనివారం ఇస్తే వస్త. లేకపోతే రాను. బిడ్డకు నువ్వే చెప్పుకో."

ఇగ దిగివస్తది చూడు. అక్షు ఏడుస్తే తట్టుకోలేదు.

1 జులై

"సరే" అని పెట్టింది.

2 జులై

సరే అంటే ఏ సరే? శనివారం సరేనా, రాకుంటే సరేనా? అడగలే. అడిగితే లోకువైత.

6 జులై, ఆదివారం

అక్షు ఫోన్ ఎత్తింది. ఎనుక టీవీ చప్పుడు. "గురువారం ఎందుకు రావు డాడ్?" అన్నది.

చెప్పిన. అమావాస్య అంటే ఆకాశంల చంద్రుడు ఉండడు, మన పెద్దలు ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోరు, నీళ్ళ కాడికి పోరు, నీ మంచికే అని.

"బట్ మనం పోయేది డే టైమ్ కదా. పగలు మూన్‌తోని పనేంది?"

నవ్వొచ్చింది నాకు. అది నవ్వలే. "మీ అమ్మ ఆ ప్రోగ్రాం జరుపుకుంటే అయిపోతది కదా. మీ అమ్మను అడుగు," అన్న.

"ఇట్స్ నాట్ మమ్స్."

"మరెవలది? ఆయనదా?"

నేను హలో హలో అన్న. "నేను నిన్ను ఒకటి అడుగుదాం అనుకున్న డాడ్. పడవల," అన్నది.

"ఇప్పుడు అడుగు బిడ్డా."

"నాట్ ఆన్ ది ఫోన్." పెట్టేసింది.

ఏం అడుగుతదో నాకు ఎర్కనే. ఫోన్ కొత్త మోడల్ వచ్చింది కదా. పిల్లలంత గంతే. కొనిస్త, ఎందుకు కొనియ్య.

10 జులై

టికెట్ క్యాన్సిల్ చేసిన. మళ్ళెప్పుడన్న వాడుకోవచ్చట. క్రెయిగ్ సంతోషపడ్డడు, ఆ వారం బండ్లు మస్తున్నయట. వాళ్ళ నాయిన పడవ మళ్ళ షెడ్ల పెట్టుకున్నడు.

13 జులై, ఆదివారం

ఫోన్ ఎత్తలే. ఈత క్లాసు ఉన్నదేమో.

19 జులై

మంచికే అయింది. జులైల అక్కడ జనం ఎక్కువ, పడవలు దొరకయి, బస్సుల నిలవడాలె. వచ్చే ఏడాది మే నెల అయితే పూలు ఉంటయి. రెండు రోజులు అడుగుత. ఒక రోజు చెరువు, ఒక రోజు గుట్ట. గుట్ట మీదికి చిన్న బాట ఉన్నది, కోవిడప్పుడు ఎవరో నడుసుకుంట తీసిన వీడియో చూసిన. సర్వపిండి అక్కడనే చేయొచ్చు, కిచెన్ ఉన్న రూము తీసుకుంటే. అప్పటికి నాకు పడవ మంచిగ వస్తది. అక్షుకు కూడ ఇంకా తెలివి వస్తది, ఎవలు ఏందో తెలుసుకుంటది.

20 జులై, ఆదివారం

ఎత్తలే.

24 జులై, గురువారం

ఇయ్యాలనే పోవాల్సింది. పనిల నాలుగు బండ్లు ఫెయిల్ చేసిన. నాలుగో బండిది ముసలామె, వైపర్ రబ్బరు జరంత చినిగింది, క్రెయిగ్ వచ్చి, "ఆ రబ్బరు మార్చి పాస్ చెయ్యి మేట్, ఆమె ఇంటికెట్ల పోతది," అన్నడు. రూల్ రూలే అన్న. ఆమె డాటర్ వచ్చి తీస్కపోయింది.

పని అయినంక నాగమణక్క డైరీకి పోయిన, పాల కోసం. అక్క కౌంటర్ కాడ ఒక్కతే ఉన్నది. నా మొకం చూసి, "ఇయ్యాల గురువారం," అన్నది.

"అవు, అయితే?"

"అక్కడ ఇయ్యాల ఎండ మంచిగ కాస్తదట. వల్లి చెప్పింది."

నేను పాలు కౌంటర్ మీద పెట్టిన. "చెప్పుతది. నాకు గురువారం ఇచ్చింది, అమావాస్య ఇచ్చింది ఏరికోరి. శనివారం ఏదో పార్టీ ఉన్నదట ఆ ఇస్త్రీ మాటలాయనకు. నా బిడ్డ కంటే ఆ పార్టీనే ఎక్కువైంది వాళ్ళకు."

అక్క నన్ను చూసింది. పొయ్యి మీద పాలు పొంగెటప్పుడు చూస్తరు కదా, అట్ల చూసింది. "ఇగ దాచుడు నాతోని కాదు శశీ," అన్నది. "శనివారం పార్టీ గౌతమ్‌ది కాదు. అక్షయది. హాఫ్ సారీ ఫంక్షన్."

ఏమన్నదో నాకు మొదట ఎక్కలే.

"పిల్ల పెద్దమనిషి అయింది, పోయిన నెలల. పదమూడో ఏడు నడుస్తుంది కదా, బేసి ఏడు, ఈ ఏడే చెయ్యాలె. ఆషాఢంల చెయ్యరు, అమావాస్య నాడు అసలే చెయ్యరు. శ్రావణం వడ్డంక మొదటి శనివారం పెట్టుకున్నరు. అందుకే నీకు గురువారం ఇచ్చింది, ఆ ఇంట్ల ఆ రోజు వేరే ఏ పనీ పెట్టుకోరని. నువ్వు వచ్చి, తిరిగి, శనివారం దాక ఉంటవని."

"మరి చెప్పచ్చు కదా! ఫోన్ల ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా!"

"పిల్ల వద్దన్నది. నిన్ను తనే పిలుస్తానన్నది. పడవల కూసొని, ఎదురుంగ, 'డాడ్, నా ఫంక్షన్‌కు వస్తవా' అని. రిహార్సల్ చేసుకున్నదట, తెలుగుల అడగాలె అని. వల్లి ఒక్కటే మాట అన్నది. ఆ రోజు మీ నాన్న ఎవలతోని కొట్లాడకుంట గడిపితే పిలువు, లేకపోతే వద్దు అని."

నేను ఏదో అన్న. ఏమన్ననో గుర్తు లేదు.

"అరవకు శశీ, కస్టమర్లు ఉన్నరు," అన్నది అక్క.

"నేను అరవలే!"

బ్రెడ్డు పట్టుకొని నిలవడ్డ కివీ పిల్లగాడు బ్రెడ్డు అక్కడనే పెట్టి బయటికి పోయిండు.

25 జులై

ఆక్లండ్ల సాయంత్రం ఎక్కితే శనివారం పొద్దుగాల మాంచెస్టర్ల దిగొచ్చు. చూసిన, సీటు ఉన్నది. పనికి పోలే. బ్యాగు సదిరిన. పెండ్లినాటి లాల్చీ ఇస్త్రీ చేసిన, పొట్ట కాడ జర పట్టేసింది గని కోటు ఏస్తే కనవడది. పట్టుచీర కొనే టైం లేదు, నాగమణక్క తన పెట్టెల నుంచి కొత్తది తీసి ఇచ్చింది, ఏమనకుంట ఇచ్చింది. అప్పుడు అక్షుకు ఫోన్ చేసిన. ఆదివారం కాదు కదా, ఎత్తదనుకున్న. ఎత్తింది.

"బిడ్డా, నాకు తెలిసింది. నేను వస్తున్న. శనివారం పొద్దున్నకల్లా అక్కడ ఉంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తేంది? వస్తున్న అంటున్న కదా!"

"నో, డాడ్."

నవ్వులాటకు అన్నదనుకున్న. "చీర కూడ తెస్తున్న," అన్న.

"డాడ్, ప్లీజ్ డోంట్ కమ్." ఏడుస్తలేదు. ఏడిస్తే బాగుండు. పెద్దోళ్ళు మాట్లాడినట్టు నిమ్మళంగ మాట్లాడింది. సగం ఇంగ్లిష్ల సగం తెలుగుల చెప్పింది, నేను తెలుగుల రాసుకుంటున్న, రాయకపోతే రేపు వేరే తీరుగ గుర్తుచేసుకుంట. "నువ్వొస్తే మమ్ పొద్దంత భయపడుతది. నేను స్టేజి మీద కూసొని అందరి దిక్కు చూడాలె, ఫోటోలు దిగాలె. నువ్వుంటే నీ దిక్కే చూడాలె. నీకు కోపమొస్తుందా, ఇప్పుడొస్తుందా, ఎవలతోని మాట్లాడుతున్నవ్ అని చూసుకుంట ఉండాలె. గురువారం అయితే మనిద్దరమే ఉంటుంటిమి. అప్పుడు నేను చూసి చెప్తుంటి, యూ ఆర్ ఓకే అని. ఐ వాంటెడ్ టు టెల్ మమ్ యూ ఆర్ ఓకే."

అంటే నాకు వారంట్ చెకింగ్. పన్నెండేండ్ల పిల్ల, నన్ను పడవల కూసోపెట్టి చూసి పాస్ చేద్దాం అనుకున్నది.

"అమావాస్య వల్లనే బిడ్డా, నానమ్మ..." అన్న.

"ఐ నో. ఇట్స్ ఓకే." అది ఎప్పుడన్న ఇట్స్ ఓకే అన్నదంటే నేను ఏదన్న మాట తప్పిన రోజే.

నేను అరవలే. నిజంగ, ఈసారి నిజంగనే అరవలే. సీటు బుక్ చెయ్యలే.

26 జులై

చీర నాగమణక్కకు తిరిగి ఇచ్చిన.

27 జులై, ఆదివారం

విజయకుమారన్న ఇంట్ల టీవీల ఫంక్షన్ వీడియో పెట్టిండ్రు. లింకు అక్షునే పంపిందట, "డాడ్‌కు చూపించండి ఆంటీ" అని. అన్న దుకాణం కాడ ఉన్నడు, అక్క నేను ఇద్దరమే.

ప్రెస్టన్ల ఏదో హాలు. మన దిక్కు పూలు దొరకక ప్లాస్టిక్ బంతిపూలు కట్టిండ్రు. అక్షు వచ్చింది. లంగా ఓణీ, పచ్చదానికి గులాబి అంచు. ఎంత పొడుగైందో! ఫోన్ల మొకమే కనవడేది, ఎత్తు కనవడకపోయేది. అచ్చం మా అమ్మ నడక. నాగమణక్క చెయ్యి నా భుజం మీద వేసింది, తీసెయ్యలే.

నేను తప్పులు వెతుక్కుంట కూసున్న. దాచేదేముంది. హాలు చిన్నగున్నదని, అయ్యగారు మంత్రాలు తొందరగ చదువుతున్నడని. గౌతమ్ ఒక మూలకు నిలవడ్డడు, తెల్ల లాల్చీ, చేతులు కట్టుకొని. ఇప్పుడు ముందుకొస్తడు, ఇప్పుడు పెత్తనం చేస్తడు అని చూసిన. రాలే. ఎవలో పిలిస్తే కూడ చేతితోని వద్దన్నడు.

అయ్యగారు మైకుల, "అమ్మాయి తండ్రి పేరు చెప్పండమ్మా," అన్నడు. శ్రీవల్లి తల వంచుకున్నది. అక్షు చెయ్యి చాపి మైకు తీసుకున్నది. "శశిధర్," అన్నది. మళ్ళొకసారి, అయ్యగారికి వినవడలేదేమో అని, గట్టిగ అన్నది. "శశిధర్. మా నాన్న పేరు." మా ఇంటి గొంతే. టీవీ పక్కనున్న గ్లాసు కదిలిందనిపించింది.

నేను ఏడ్చిన. నాగమణక్క ముందట, సోఫాల, పిల్లగాని లెక్క ఏడ్చిన. అక్క టీవీ ఆపబోయింది. వద్దన్న.

అయ్యగారు నా పేరు పెట్టి సంకల్పం చదివిండు. అటెన్క, "తల్లిదండ్రులు పీటల మీద కూర్చోండి, అమ్మాయి కాళ్ళు మొక్కుతుంది," అన్నడు. ఒక పీట మీద శ్రీవల్లి కూసున్నది. రెండో పీట కాడ ఎవలు లేరు. అక్షు ఆ పీటను చూసింది, తలుపు దిక్కు చూసింది. అవు, తలుపు దిక్కు చూసింది, రెండు సార్లు వెనుకకు తిప్పిపెట్టించి చూసిన. రావద్దు అన్నది తనే. అయినా చూసింది.

అప్పుడు గౌతమ్ మూలకెంచి నడిచొచ్చిండు. అక్షు దగ్గర వంగి ఏదో అడిగిండు, వినవడలే. అది తల ఊపింది. ఆయన చెప్పులు పక్కకు విడిచి, పీట అంచుకు, సగమే కూసున్నడు. అది వంగి ఆయన కాళ్ళు మొక్కింది. ఆయన దాని తల మీద అక్షింతలు ఏసిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ఎక్కడన్న ఒక్క తప్పు దొరుకుతదేమో అని చూసిన. దొరకలే.

"చాయ్ పెట్టనా శశీ?" అన్నది అక్క.

"ముందు వీడియో కానియ్ అక్కా," అన్న. వాళ్ళంత బంతిల కూసొని అన్నాలు తినేదాక చూసిన. నడుమల కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. లేపలే.